షోగన్ వేసిన కుందేలు

తొకుగవ ఇఎమిత్సు జపాన్‌ను ఏలిన తొకుగవ వంశంలో మూడో షోగన్, అంటే సైనిక పాలకుడు. 1637-38లో షిమబరా రైతుల తిరుగుబాటును నెత్తుట ముంచినవాడు. పరదేశీయులకు తలుపులు మూయించినవాడు. అంతటివాడు తీరిక వేళల్లో బొమ్మలు వేసేవాడు. వాటిలో ఒకటి చెట్టు మొద్దు మీద కుందేలు. చుక్కల్లాంటి నల్లటి కళ్లేసుకుని అమాయకంగా మనకేసే చూస్తుంటుంది. ఆస్థాన చిత్రకారుల పనితనం ముందు అది చెయ్యి తిరగని బొమ్మే. అయినా 2019లో ఫుచు ఆర్ట్ మ్యూజియం ప్రదర్శనలో పెడితే జనం దాన్ని చూసి మురిసిపోయారు. నేనూ ఆ బొమ్మకు దాసోహం.

జపాన్ బొమ్మల్లో ముద్దుతనం అప్పుడు మొదలైందేమీ కాదు. కొజాన్‌జీ ఆలయపు పాత కాగితపు చుట్టల్లో కప్పలూ కుందేళ్లూ కుస్తీలు పట్టాయి. కానీ నా మనసంతా క్యోటో చిత్రకారుడు మరుయమ ఓక్యో కాలం మీదే. కళ్లతో చూసినదాన్నే గీయాలన్న ఓక్యో, బొద్దు కుక్కపిల్లల్ని ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నట్టు వేశాడు. 1784లో దేవదారు తలుపుల మీద ఆయన వేసిన కుక్కపిల్లలు ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. తోక, మూతి, పక్కకి ఒరిగిన నడుము, అన్నీ కుక్కపిల్లల్ని గంటలకొద్దీ గమనించినవాడి గీతలే.

ఆయన శిష్యుడు నగసవ రోసెత్సు ఇంకా గడుసువాడు. 1786లో గురువు బదులు కుషిమొతోలోని ముర్యోజీ ఆలయానికి వెళ్లి, జరుపుడు తలుపుల నిండా పెద్దపులిని దూకించాడు. జపాన్‌లో పులులు లేవు. చిత్రకారులకు దొరికేవి పులితోళ్లూ, ఇంటి పిల్లులూ. అందుకే ఆ పులి పంజాలో, చూపులో పిల్లి దొరికిపోతుంది. అదే తలుపుల వెనకవైపు నీళ్లలో చేప మీద కన్నేసిన పిల్లి ఉంది! భయాన్నీ ముద్దునీ ఒకే తలుపుకి రెండు వైపులా పెట్టిన ఆ ధైర్యానికి సాటి నాకు కనిపించదు.

తర్వాతి శతాబ్దం మీదుగా గబగబా దాటేస్తాను. 1914లో చిత్రకారుడు తకెహిస యుమెజీ టోక్యోలో దుకాణం తెరిచి, తాను గీసిన ముచ్చటైన నమూనాలతో కాగితాలూ వస్తువులూ అమ్మాడు. 1974లో సాన్రియో కంపెనీలో నోరు లేని హలో కిట్టీ పుట్టింది. ముద్దుతనం బడిసంచుల దాకా చేరింది, కానీ పంజా పోయింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

2005లో చిత్రకారుడు తకషి మురకమి న్యూయార్క్‌లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసి, హిరోషిమా బాంబు పేరైన 'లిటిల్ బాయ్' అనే పేరే పెట్టాడు. యుద్ధంలో ఓడిన దేశం పసితనంలోకి ముడుచుకుపోయిందనీ, ఈ ముద్దుతనం అందుకేననీ ఆయన వాదన. బాంబుకి 161 ఏళ్ల ముందే ఓక్యో కుక్కపిల్లలు తలుపుల మీద దొర్లుతున్నాయి కాబట్టి, ఆ వాదన నాకు సగమే ఒప్పుదల.

పోయిన పంజాని తిరిగి తెచ్చినవాడు యొషితొమొ నరా. అఒమొరి ప్రాంతంలో పుట్టి, అమెరికా సైనిక స్థావరపు రేడియోలో పాటలు వింటూ ఒంటరిగా పెరిగి, జర్మనీలో చదువుకున్నాడు. ఆయన గీసే పెద్ద తల పాపలు మనల్ని గుర్రుగా చూస్తారు. 2000లో వేసిన 'నైఫ్ బిహైండ్ బ్యాక్'లో పాప ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంటుంది. కత్తి బొమ్మలో లేదు, పేరులోనే ఉంది. 2019లో హాంకాంగ్ వేలంలో అది దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పలికింది.