చంద్రుడి ఫొటో బ్యాలాలుకు చేరే దారి

మా గోరంట్లకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. బెంగళూరు దాటి ఇంకొంచెం పోతే బ్యాలాలు వస్తుంది. చుట్టూ మిట్టలు, మధ్యలో పల్లపు నేల; బయటి రేడియో రొద అక్కడికి అంతగా చేరదు. చంద్రయాన్, మంగళయాన్ పంపేవి అందుకోవడానికి ఇస్రో పెద్ద యాంటెన్నాలు నిలిపింది అక్కడే. గ్రహాల ఫొటోలనగానే అందరూ కెమెరాను మెచ్చుకుంటారు. చరిత్ర తిరగేస్తే, అసలు కష్టమంతా ఫొటోను భూమికి చేర్చడంలోనే ఉందనిపిస్తుంది నాకు.

1959లో సోవియట్ నౌక లూనా 3 చంద్రుడి అవతలి వైపును ఫిల్ము మీద తీసింది. ఆ ఫిల్మును నౌకలోనే కడిగి, ఆరబెట్టి, స్కాన్ చేసి రేడియోలో పంపింది. 1965లో అంగారకుడి పక్కగా వెళ్ళిన అమెరికా నౌక మారినర్ 4కు ఫిల్ముతో పని లేదు. నిలువు 200, అడ్డం 200 చుక్కల బొమ్మ. ఒక్కో చుక్క వెలుగుకు ఒక అంకె. అంతా కలిపి 2,40,000 బిట్లు. నౌక పంపగలిగింది సెకనుకు 8 బిట్లకు కాస్త ఎక్కువ. అంటే ఒక్క ఫొటోకు 8 గంటలు! కంప్యూటర్ బొమ్మ గీసేదాకా ఆగలేక, ఇంజనీర్లు ఆ అంకెలు అచ్చయిన కాగితపు పట్టీలను వరుసగా అంటించి, రంగు సుద్దలతో చేత్తోనే నింపారు. తర్వాత వాయేజర్ నౌకల కాలానికి ఫొటోను కుదించి పంపడం, దారిలో చెడిన బిట్లను సరిదిద్దుకోవడం వచ్చాయి.

2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1 కెమెరా తీరు వేరు. అది ఒక్కసారిగా ఫొటో తీయదు. 20 కిలోమీటర్ల వెడల్పు నేలను 5 మీటర్లకో చుక్క చొప్పున, 4,000 చుక్కల వరుసగా చూస్తుంది. నౌక కదిలేకొద్దీ వరుస పక్కన వరుస చేరుతుంది, ధర్మవరం మగ్గం మీద పేక పోగు ఒక్కొక్కటే పడి చీర అయినట్టు. ముందుకు, కిందికి, వెనక్కి మూడు చూపులు ఉండటంతో గుంతల లోతూ తెలుస్తుంది. అక్టోబర్ 29న దాన్ని పరీక్షించడానికి ముందు భూమినే తీశారు. ఆస్ట్రేలియా తీరం బ్యాలాలులో దిగింది.

అక్కడి 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. లక్షల, కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి సిగ్నల్ దాదాపు చచ్చిపోయి ఉంటుంది. దాన్ని పోగుచేయాలంటే అంత పెద్ద డిష్ కావాల్సిందే. శ్రీహరికోటను తలుచుకున్నంతగా మన తెలుగువాళ్ళు దీన్ని తలుచుకోరు. తలుచుకోవాలి.

2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారకుడిని చేరినప్పుడు అక్కడి నుంచి మాట రావడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. దాని రంగుల కెమెరా బరువు కిలోంబావు. ఒక్కో ఫొటోలో నిలువు 2,048, అడ్డం 2,048 చుక్కలు. ఒక్కో చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా రెండూ చుట్టుపక్కల చుక్కలను బట్టి లెక్కకట్టాలి. చుక్కకు 8 బిట్లు, సెకనుకు 40 వేల బిట్లు అనుకున్నా ఫొటో దిగడానికి 14 నిమిషాలు. చేరిన కొద్ది రోజులకే 74,500 కిలోమీటర్ల ఎత్తు నుంచి అంగారకుడి మీద దుమ్ము తుఫానును పట్టింది. ఎండాకాలం మా అనంతపురం గాలి తెలిసినవాళ్ళు ఆ ఫొటోను ఇంకాస్త సేపు చూస్తారు.

2023లో చంద్రయాన్-3తో చంద్రుడి మీద దిగిన ప్రజ్ఞాన్ రోవర్‌కు భూమితో నేరుగా మాట్లాడే వీలే లేదు. ఆగస్టు 30న అది తన కెమెరాతో, తనను మోసుకొచ్చిన ల్యాండర్ విక్రమ్‌ను ఫొటో తీసి, ఆ అంకెలను ముందు విక్రమ్‌కే ఇచ్చింది. భూమికి పంపే పని విక్రమ్‌ది.