కోర్టు మెట్లెక్కిన నాలుగున్నర దశాబ్దాలు

1970ల చివరి దాకా మన న్యాయస్థానాల్లో నష్టపోయినవారే స్వయంగా వచ్చి మొరపెట్టుకోవాలన్నది కట్టుబాటు. మంచం దిగలేనివారు, చదువురానివారు, మతి చెదిరి జైల్లో మగ్గేవారు ఎలా వస్తారన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ తట్టలేదు. ఎమర్జెన్సీ అనంతరం జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ తలుపు తెరిచారు. 1981 నాటి ఎస్.పి. గుప్తా తీర్పుతో, నోరులేనివారి తరఫున పౌరులెవరైనా కోర్టును ఆశ్రయించవచ్చని స్థిరపడింది. అమెరికాలో ఒకే నష్టానికి గురైన అందరి తరఫునా కొందరు వేసే ‘క్లాస్ యాక్షన్’ దావాలు చేసిన పనిలో కొంత మన దగ్గర ప్రజా ప్రయోజన వ్యాజ్యం (‘పిల్’) భుజానికెత్తుకుంది. ఇక్కడ ఒక ఉత్తరం ముక్క కూడా పిటిషన్‌గా చెల్లింది.

అలాంటి ఒక ఉత్తరం 1982లో హజారీబాగ్ నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. మతిస్థిమితం లేదని జైల్లో పెట్టిన ఖైదీలు కోలుకున్నాక కూడా దశాబ్దాల తరబడి అక్కడే పడివున్నారని ఉచిత న్యాయసహాయ సంఘం ఒకటి రాసింది. వీణా సేఠీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో కోర్టు విడుదలకు ఆదేశించి ఊరుకోలేదు. సొంతూళ్లకు దారిఖర్చులు, వారం రోజుల పోషణకు డబ్బు కూడా ఇవ్వమంది. ఆ వారం తర్వాత వాళ్ల గతేమిటన్నది మాత్రం తీర్పుకు అందని ప్రశ్న.

వైద్యం విషయంలో మలుపు 1989లో వచ్చింది. కారు గుద్దిన స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రికి తీసుకెళితే, ఇది పోలీసు కేసు, ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పత్రికలో ఆ వార్త చదివి పర్మానంద్ కటారా పిటిషన్ వేశారు. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అన్న సూత్రం అప్పుడు ఖాయమైంది. ఏడేళ్లకు బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం దాన్ని ముందుకు జరిపింది. రైలు నుంచి జారిపడ్డ తమ సభ్యుణ్ని, మంచాలు లేవంటూ, సౌకర్యాలు లేవంటూ సర్కారీ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పిపంపాయి. ప్రైవేటు వైద్యానికి 17,000 రూపాయలు ఖర్చయ్యాయి. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పిస్తూ, డబ్బు లేదన్నది ప్రభుత్వానికి సాకు కాదని 1996లో కోర్టు తేల్చింది.

దివ్యాంగుల పోరాటానికి మాత్రం మొదట్లో ఆసరాగా చట్టమే లేదు. అంధుల జాతీయ సమాఖ్య 1993లో, సివిల్స్ పరీక్షను బ్రెయిలీలో గానీ లేఖకుల సాయంతో గానీ రాసే అవకాశాన్ని చట్టం లేకుండానే సాధించింది. 1995లో చట్టం వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే జావేద్ అబిదీ దాన్ని కోర్టులో పరీక్షకు పెట్టారు. విమానంలో సీట్ల మధ్య నడవాలో పట్టే చక్రాల కుర్చీ కావాలన్నది ఆయన కోరికల్లో ఒకటి. ఇంత చిన్న వస్తువు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి రావడం ఆ కాలాన్ని పట్టిచ్చే సాక్ష్యం. ఇక 3 శాతం రిజర్వేషన్‌ను గుర్తించిన పోస్టులకే కాక మొత్తం ఖాళీలకు లెక్కగట్టాలని తేలడానికి 2013 దాకా పట్టింది.

ఈలోగా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. కోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. గొలుసులను నిషేధించే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం 2017కు గానీ రాలేదు.

రాజీవ్ రతూరీ వ్యాజ్యానిది అన్నిటికంటే సుదీర్ఘ ప్రయాణం. చూపులేని ఈ హక్కుల కార్యకర్త రోడ్లు, రవాణా, బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2005లో పిటిషన్ వేశారు. మధ్యలో 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 చట్టం వచ్చింది. 2017లో కోర్టు గడువులు పెట్టింది. పనులు కదలకపోవడంతో, పరిస్థితి పరిశీలించే బాధ్యతను 2023లో హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. మన నగరం నుంచి వెళ్లిన ఆ నివేదికను పరిగణనలోకి తీసుకుని, 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. 2016 చట్టం కింది నియమాల్లో, ప్రమాణాలను సలహాల్లా వదిలేసిన 15వ నిబంధన చెల్లదని, మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

దయగా దొరికినవి హక్కులయ్యాయి కానీ, గెలిచినవాళ్లు అమలు కోసం మళ్లీ కోర్టుకెక్కే దుస్థితి మారలేదు. ప్రతి రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉండాలని 2016 చట్టం చెబుతోంది. మీ ఊరి తహసీల్దారు కార్యాలయానికి ర్యాంపు లేకపోతే, ముందుగా ఆ కమిషనర్‌కు ఫిర్యాదు రాయండి.