ఇంగ్లీషువాడి పరుగు, మన నడక

తెనాలి దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’కి ‘నా ముక్కు పరుగెత్తుచున్నది’ అని రాశాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. రిటైరయ్యాక నిఘంటువులు ముందేసుకుని కూర్చుంటే, ఆ తప్పు వాడిదా ‘రన్’ అనే మాటదా అని అనుమానం వచ్చింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఆ క్రియ ‘రిన్నన్’. ధ్వనులు అటూ ఇటూ మారి ‘ఇర్నన్’ అని కూడా పలికేవారు. మనిషి పరుగెత్తడమూ అదే, ఏరు పారడమూ అదే. వైకింగులతో వచ్చిన నార్స్ మాట ‘రెన్నా’ దానికి తోడైంది. జర్మన్లు మాత్రం ఇప్పటికీ పరుగుకు ‘రెన్నెన్’, కారడానికి ‘రిన్నెన్’ అని వేరుగా ఉంచుకున్నారు. కాబట్టి ముక్కుకు ఆ మాట దక్కింది కాళ్ల వైపు నుంచి కాదు, ఏటి వైపు నుంచి.

యంత్రాలొచ్చాక ఆ మాట మరీ పెరిగింది. రైలు, మిల్లు, అచ్చు యంత్రం, ఆఖరికి కంప్యూటరు ప్రోగ్రాం, అన్నీ ‘రన్’ అవడమే. ఏ మాటకెన్ని అర్థాలో లెక్క చూస్తే, 1755 నాటి జాన్సన్ నిఘంటువులో ‘టేక్’కి 130కి పైగా అర్థాలున్నాయి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పులో ‘సెట్’కి 430. మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే ఆయన ఒక్క ‘రన్’తోనే తొమ్మిది నెలలు గడిపాడు. 2011 నాటికి క్రియగానే 645 అర్థాలు తేలాయి. తొమ్మిది నెలలంటే మా ఇంట్లో ఆడవాళ్లు దాన్ని కాన్పు కిందే జమకట్టారు.

మనకు ఇంత పరుగు లేదు. కొట్టు నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, సంసారమూ ఎలాగో నడుస్తుంది. సినిమా ఆడుతుంది, ఫ్యాను తిరుగుతుంది, కాలవ పారుతుంది, చీర రంగు దిగుతుంది. వాళ్లు ఒక్క జీతగాడితో చేయించే పనికి మనం పదిమందిని పెట్టుకున్నాం. ఎన్నికల్లో అమెరికావాడు ‘రన్’ అంటాడు, బ్రిటిషువాడు ‘స్టాండ్’ అంటాడు. మనకు ఓటు నేర్పింది రెండోవాడు కనుక కాబోలు, మన సర్పంచులూ ఎన్నికల్లో నిలబడతారు. గెలిచాక వాళ్ల వెంట పరుగు మనది.

క్రికెట్‌ని వదిలేస్తే, ‘రన్’ తెలుగులోకొచ్చాక చేసింది ఎక్కువగా మన ‘నడక’ పనే. షాపు రన్ చేయడం, స్కూలు రన్ చేయడం.

ముక్కుని పరుగెత్తించిన ఆ కుర్రాడిప్పుడు రైసుమిల్లు యజమాని. మొన్న బజార్లో కనిపిస్తే, “ఎలా నడుస్తోందిరా మిల్లు?” అన్నాను.

“రన్నింగులోనే ఉంది మాస్టారూ,” అన్నాడు, తవుడు దుమ్ముకి కారుతున్న ముక్కు తుడుచుకుంటూ.