కుస్తీ కష్టమా, బాక్సింగు కష్టమా?

ఎప్పటికీ తేలని వాదనల్లో ఇదొకటి. కుస్తీ పక్షం వాళ్ళు "రెండు నిమిషాలు పట్టు పట్టి చూడు, తెలుస్తుంది" అంటారు. బాక్సింగు పక్షం వాళ్ళు "మూతి మీద ఒక్కటి పడితే తెలుస్తుంది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఒకళ్ళు మాట్లాడేది అలసట గురించి, రెండోవాళ్ళు మాట్లాడేది దెబ్బ గురించి. ఈ రెండూ వేరువేరని చరిత్రలో కొన్ని పోటీలు చూస్తే బాగా అర్థమవుతుంది.

ముందు కుస్తీ సంగతి చూద్దాం. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్, గ్రీకో-రోమన్ మిడిల్ వెయిట్ సెమీఫైనల్. ఒకపక్క రష్యా తరఫున దిగిన ఎస్తోనియా వాడు మార్టిన్ క్లైన్, మరోపక్క ఫిన్లండ్ వాడు ఆల్ఫ్రెడ్ అసికైనెన్. ఈ పద్ధతిలో నడుం కింద పట్టు పట్టకూడదు, కాళ్ళతో మెలిక వెయ్యకూడదు. అప్పటికి కాలపరిమితి కూడా లేదు. మన భాషలో చెప్పాలంటే టైమౌట్ పెట్టడం మర్చిపోయిన ప్రోగ్రామన్నమాట, డెడ్‌లాక్ అవక ఏమవుతుంది? మధ్యలో కాసేపు ఊపిరి తీసుకోవడం తప్పిస్తే, 11 గంటల 40 నిమిషాలు పట్టుకున్నారు! చివరికి క్లైన్ గెలిచాడు గానీ, ఫైనల్‌కి దిగే ఓపిక మిగల్లేదు. వెండి పతకంతో సరిపెట్టుకున్నాడు. బంగారం స్వీడన్ వాడు క్లాస్ యోహాన్సన్‌కి పోయింది. అక్కడే లైట్ హెవీ వెయిట్ ఫైనల్ తొమ్మిది గంటలు సాగినా తేలకపోతే, ఆపేసి ఇద్దరికీ వెండే ఇచ్చారు. బంగారం ఎవరికీ లేదు.

ఇందులో గమ్మత్తేమిటంటే, ఆ ఒలింపిక్స్‌లో బాక్సింగు అసలు లేదు. అప్పట్లో స్వీడన్ చట్టం దాన్ని ఒప్పుకోదు. అంటే దాదాపు పన్నెండు గంటల కుస్తీకి అడ్డు చెప్పని దేశం, బాక్సింగుని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. పైకి చూస్తే విడ్డూరమే గానీ, ఆ లెక్కలో కొంత న్యాయం ఉంది.

ఎందుకో చెబుతాను. కుస్తీలో అవతలి మనిషి బరువు మీ చేతుల మీద, మెడ మీద, నడుం మీద నిరంతరం ఉంటుంది. కదలకుండా బిగబట్టి ఉన్నప్పుడు కూడా పనే. పైగా బిగిసిన కండలోకి రక్తం సరిగ్గా పారదు, కాబట్టి అది తొందరగా మండిపోతుంది. ముందు పిడికిలి వదులవుతుంది, తర్వాత భుజం. ఓపిక అయిపోయినవాడు వెల్లకిలా పడతాడు, ఆట ముగుస్తుంది. అంటే మన ఒంట్లోనే ఒక ఫ్యూజు ఉంది. కరెంటు ఎక్కువైతే అదే ఎగిరిపోతుంది.

బాక్సింగులో దూరం ఉంది. వెనక్కి జరగొచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. గుద్దు పుట్టేది కాళ్ళలో, నడుం తిప్పుడులో. చెయ్యి దాన్ని చేరవేస్తుంది, అంతే. పైగా మూడు నిమిషాలకోసారి ఒక నిమిషం విశ్రాంతి. అలసట ఒక్కటే లెక్కేస్తే కుస్తీదే పైచేయి అని నా అభిప్రాయం. కానీ ఇక్కడ అలసినవాడు పడిపోడు, నిలబడే ఉంటాడు. చేతులు కిందికి జారతాయి, తల పక్కకి తప్పుకోవడం ఆలస్యమవుతుంది, దెబ్బలన్నీ తలకే. పట్టుదల ఉన్నవాడు ఫ్యూజులో లావు తీగ చుట్టేసినట్టు, ఒళ్ళు వద్దన్నా ముందుకే పోతాడు.

1893లో న్యూ ఆర్లియన్స్‌లో ఆండీ బోవెన్, జాక్ బర్క్ గ్లవ్స్ వేసుకుని 110 రౌండ్లు ఆడారు. 7 గంటల 19 నిమిషాలు. బర్క్ చేతుల్లో ఎముకలు విరిగాయి. ఇంక ఇద్దరికీ లేచే ఓపిక లేకపోతే రిఫరీ ఫలితం లేకుండానే ఆపేశాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. కానీ మరుసటి ఏడాది డిసెంబరులో అదే బోవెన్, కిడ్ లావీన్ చేతిలో 18వ రౌండులో పడ్డాడు. తల కింద చెక్కకి కొట్టుకుంది, ప్రాణం పోయింది. 110 రౌండ్లు చెయ్యలేని పని ఒక్క దెబ్బ చేసింది. గ్లవ్స్ కాపాడేది కొట్టేవాడి చేతిని, తినేవాడి మెదడుని కాదు. బాక్సర్లకి ఏళ్ళ తరబడి దెబ్బలతో మెదడు పాడవుతుందని హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టరు వైద్య పత్రికలో రాసింది 1928లో.

అలాగని కుస్తీ అమాయకమైనదేం కాదు. దాని అసలు గండం గోదాలో కాదు, తూకం యంత్రం దగ్గర ఉంది. 1997లో నెలా నెలన్నర వ్యవధిలో ముగ్గురు అమెరికన్ కాలేజీ కుర్రాళ్ళు, బరువు తగ్గడానికి ఒంట్లో నీరంతా చెమటగా పోగొట్టుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నిబంధనలు మార్చారు. 2024 పారిస్‌లో ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగిందని వినేశ్ ఫోగాట్‌ని తప్పించినప్పుడు మనమంతా ఆ 100 గ్రాముల గురించే మాట్లాడుకున్నాం. రాత్రంతా ఆ ఒంటిని ఏం చేసుంటారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఇప్పుడు రెండు బాక్సింగు పోటీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1975 మనీలా, ఆలీ - ఫ్రేజర్. 14 రౌండ్లయ్యాయి, మిగిలింది ఒక్కటే. ఫ్రేజర్‌కి కళ్ళు వాచి దెబ్బ ఎటునుంచి వస్తోందో కనబడటం లేదు, అయినా వెళ్తానంటున్నాడు. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ చాలు కూర్చోమని ఆపేశాడు. 1982 లాస్ వేగాస్, రే మాన్సినీ - కొరియా కుర్రాడు డక్ కూ కిమ్. అక్కడ ఎవరూ ఆపలేదు. 14వ రౌండులో పడిన కిమ్ కొన్ని రోజులకే చనిపోయాడు. ఆ తర్వాత టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కి తగ్గాయి. కిమ్‌ది ఓపిక లేకపోవడం కాదు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉండటం.

కాబట్టి ఏది కష్టం అంటే నా సమాధానం ఇది: ఒంటికి కుస్తీ కష్టం, ఆపడం బాక్సింగులో కష్టం. కుస్తీలో ఒళ్ళే "ఇంక చాలు" అంటుంది. బాక్సింగులో ఆ మాట పక్కవాడు అనాలి. రిఫరీయో, డాక్టరో, తువ్వాలు పట్టుకుని మూల నిలబడ్డవాడో.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, మనమ్మాయిని కూడా పంపుదామా అనే ఆలోచన మన ఇళ్ళలోకీ వచ్చింది. తప్పకుండా పంపండి. కానీ కోచ్‌ని "ఎంత గట్టిగా నేర్పుతారు?" అని కాదు, "ఎప్పుడు ఆపుతారు?" అని అడగండి. కుస్తీకి పంపేవాళ్ళు కూడా అడగాల్సింది అదే, తూకం రోజుని గుర్తుపెట్టుకుని.