ఊరగాయ పీపాల పక్కన ప్రేమ: ‘క్రాసింగ్ డెలాన్సీ’లో కుటుంబ వ్యాపారం

కుటుంబం నడిపే తిండి వ్యాపారం చుట్టూ అల్లిన ప్రేమకథా చిత్రాల్లో కొట్టు నాయకుడికి సంకెల అయినా అవుతుంది, నిచ్చెన అయినా అవుతుంది. వినోద్ అనంతోజు తీసిన ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020)లో తండ్రికి పల్లెలో హోటల్ ఉంది. కొడుకు బొంబాయి చట్నీని నమ్ముకుని గుంటూరులో సొంత హోటల్ పెట్టాలంటాడు. జోన్ మిక్లిన్ సిల్వర్ దర్శకత్వంలో 1988లో వచ్చిన ‘క్రాసింగ్ డెలాన్సీ’ ఈ రెండు దారులూ తొక్కలేదు. శామ్ పోస్నర్ (పీటర్ రీగర్ట్) న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో తండ్రి నుంచి వచ్చిన ఊరగాయల కొట్టు నడుపుతాడు. దాన్ని పెద్దది చేయాలన్న ఆరాటం గానీ వదిలించుకోవాలన్న తొందర గానీ అతనికి లేవు. ఆ కొట్టును చూసే నాయిక చూపు మారడమే ఇక్కడ కథ అని నా ప్రతిపాదన.

నాయిక ఇజ్జీ (ఏమీ ఇర్వింగ్) నగరానికి మరో కొసన, రచయితలు వచ్చిపోయే పుస్తకాల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె అమ్మమ్మ మాత్రం పాత యూదు పేటలోనే ఉంటుంది. ఈ పాత్రను ఇద్దిష్ రంగస్థల నటి రైజల్ బోజిక్ పోషించారు. మనవరాలికి చెప్పకుండానే అమ్మమ్మ పెళ్లిళ్ల పేరమ్మను పిలిపిస్తుంది. పెళ్లిచూపులు వంటింటి బల్ల దగ్గరే జరిగిపోతాయి. వచ్చినవాడు ఊరగాయలు అమ్ముతాడనేసరికి ఇజ్జీ మనసు వెనక్కి తగ్గుతుంది.

ఈ సంకోచం అసలు రూపం వాసనలో తెలుస్తుంది. ఆ పేట దోసకాయల్ని సంప్రదాయంగా వినెగర్‌లో వేయరు. ఉప్పునీళ్లు, వెల్లుల్లి, డిల్ ఆకుతో పీపాల్లో పులియబెడతారు. త్వరగా తీస్తే సగం పులుపు, వారాల తరబడి ఉంచితే పూర్తి పులుపు. రోజంతా ఆ నీళ్లలో చేతులు పెట్టే మనిషిని ఆ వాసన వదలదు. శామ్ తన చేతుల్ని పాలతో, వెనిలాతో కడుక్కుంటాడు. ఇది సిగ్గుపడి చేసే పని కాదనే నా అభిప్రాయం. అలా అయితే ఆ చిట్కాను ఇజ్జీకి తానే చెప్పడు. ఎదుటి మనిషి మీద మర్యాదతో చేసే పని అది. వృత్తి వాసనను బట్టి మనిషి అంతస్తు కట్టే అలవాటు మన సమాజానికి కొత్త కాదు గనుక, ఇజ్జీ బెరుకు తెలుగు ప్రేక్షకుడికి ఇట్టే అర్థమవుతుంది.

కుటుంబ వ్యాపారం కష్టసుఖాలు దర్శకురాలికీ తెలుసు. ఇదే పేటకు వలస వచ్చిన యూదుల కథగా ఆమె తీసిన ‘హెస్టర్ స్ట్రీట్’ (1975)ను స్టూడియోలు పట్టించుకోకపోతే, భర్త రాఫెల్ సిల్వర్ డబ్బు సమకూర్చారు. పంపిణీ కూడా ఆ దంపతులే చూసుకున్నారు. సుసాన్ శాండ్లర్ తన నాటకాన్నే స్క్రీన్‌ప్లేగా మలిచిన ‘క్రాసింగ్ డెలాన్సీ’లో ఆ పేట మీద జాలి గానీ వింతచూపు గానీ కనబడకపోవడానికి ఆ అనుభవమూ ఒక కారణం కావచ్చు.

లోపం లేదని కాదు. శామ్‌కు పోటీగా నిలిపిన రచయిత ఆంటన్ మేస్‌ను మరీ స్వార్థపరుడిగా చూపడంతో ఇజ్జీ ఎంపిక సులువైపోయింది. అతను కూడా మంచివాడై ఉంటే ఊరగాయల కొట్టుకు నిజమైన పరీక్ష ఎదురయ్యేది. అయితే శామ్‌ను కోరుకున్నందుకు ఇజ్జీ తన ఉద్యోగాన్ని వదులుకోవాలని చిత్రం షరతు పెట్టదు. కొట్టును సంకెల కానివ్వని దర్శకురాలు పెళ్లినీ సంకెల కానివ్వలేదు.