ప్రయోగశాల - పైకం

డబ్బు లేనిదే ప్రయోగశాల లేదని కొందరూ, బుద్ధి ఉంటే డబ్బెందుకని మరికొందరూ అంటూంటారు. కళాశాలలో కొత్తగా మనస్తత్వశాస్త్ర శాఖ తెరిచినప్పుడల్లా ఈ రెండు వాదాలూ వినిపిస్తాయి. ఆ శాస్త్రం పుట్టిన చరిత్రను పరిశీలిస్తే రెండూ అర్ధసత్యాలేనని నాకు తోస్తుంది.

1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మొదటి ప్రయోగశాల నెలకొల్పాడని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. దానికి ఖర్చు ఎవరు భరించారో మాత్రం చాలావరకు చెప్పవు. 1875లో అక్కడికి వచ్చిన వుంట్‌కు మరుసటి ఏడు విశ్వవిద్యాలయం ఇచ్చింది ఒక గది మాత్రమే. అదీ ఆయన సొంత పరికరాలు భద్రపరచుకోవటానికి. 1879లో పరికరాల కోసం ధనసహాయం అడిగితే శాక్సనీ ప్రభుత్వం నిరాకరించింది. అయినా ఆ ఏడే ఆ గదిలో విద్యార్థుల పరిశోధన ఆరంభమయింది. 1883లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయం వుంట్‌ను ఆహ్వానించింది. అప్పుడుగాని పాలకులకు మెలకువ రాలేదు. జీతం పెరిగింది, ప్రయోగశాలకు గుర్తింపూ, నిధులూ వచ్చాయి. ఆ నాలుగేళ్ళలో మారింది శాస్త్రం విలువ కాదు, ఆచార్యుని బజారు ధర.

అక్కడి ముఖ్య పరికరం క్రోనోస్కోపు. సెకనులో వెయ్యోవంతును కొలిచే ఈ గడియారం మత్తేయుస్ హిప్ అనే గడియారాల పనివాడి పేర ప్రసిద్ధం. ఆయన టెలిగ్రాఫు యంత్రాలు కూడా తయారుచేశాడు. అంటే మనస్సును కొలిచే సాధనం తత్త్వవేత్త గదిలో గాక, కార్ఖానాలో రూపొందింది.

ఆ యంత్రాలేవీ లేకుండా, ఆ కాలంలోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ జ్ఞాపకశక్తిని కొలిచాడు. అర్థంలేని అక్షర సముదాయాలు సుమారు 2,300 కూర్చుకొని, గడియారపు చప్పుడుకు అనుగుణంగా చదువుతూ, తన మీదనే ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రచురించాడు. సాహిత్యం బోధించే నన్ను వాటిలో ఒకటి ప్రత్యేకంగా ఆకర్షించింది. బైరన్ ‘డాన్ జువాన్’ పద్యాలు కంఠస్థం చేయటానికి, అన్నే అక్షరాలున్న అర్థంలేని వరుసలకు పట్టిన శ్రమలో సుమారు పదోవంతు సరిపోయింది. అర్థమూ, లయా, ప్రాసా కలిసి మనకు చేసే సాయమెంతో ఒక గడియారంతో తేలిపోయింది!

కనుక పరికరాల జాబితా కంటె ముందు ప్రశ్నల జాబితా రాసుకోవాలి. స్మృతిని పరీక్షించటానికి స్టాపువాచీ, అట్టముక్కలూ చాలు. ప్రతిచర్యకు పట్టే కాలాన్ని కొలవాలంటే మాత్రం సూక్ష్మమైన గడియారం తప్పదు.

అయితే ఈ పొదుపును ఆదర్శంగా చూపి ప్రభుత్వాలు బాధ్యత తప్పించుకోరాదు. వుంట్‌కు సొంత పరికరాలున్నాయి. ఎబ్బింగ్‌హౌస్ నెలల తరబడి తన కాలాన్ని వెచ్చించగలిగాడు. కూలిపని చేసుకుంటూ చదివే విద్యార్థికి ఆ రెండూ లేవు. ఏది కొనాలో తేల్చే వివేకం అధ్యాపకులది. కొనిపెట్టవలసిన బాధ్యత ప్రజల సొమ్ము చేతిలో ఉన్నవారిది.