రిపోర్టు లేదని కాన్పు ఆపుతరా?

మా వాడకట్టు పిల్లకు రాత్రి పూట నొప్పులొస్తే ఆటోల దవాఖానకు తీస్కపోయినం. హెచ్‌ఐవీ రిపోర్టు లేదు. "అది లేకుంటే కాన్పు చెయ్యం" అని ఎల్లగొట్టిండ్రు. ఇంకో దవాఖాన గేటు కాడనే కాన్పయింది. ఆనాడు నాకు తెల్వక నోరు మూస్కున్న. తర్వాత తెల్సుకున్నది మీకు జెప్తున్న.

2017ల హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్ల ఉన్నది. వైద్యం చెయ్యనీకి ముందుగాల హెచ్‌ఐవీ టెస్టు ఉండాలె అని షరతు పెట్టుడు ఆ చట్టం ప్రకారం తప్పు.

మరి టెస్టు వద్దా? కావాలె. కానీ కాన్పు ఆపనీకి కాదు, బిడ్డను కాపాడనీకి. వేలు మీద సూది గుచ్చి తీసే రక్తపు చుక్కతోని అరగంటల తేలుతది. నొప్పి తగ్గిన గడియల ఆమెకు సమజయ్యేటట్టు చెప్పి, ఒప్పుకుంటెనే చెయ్యాలె. పాజిటివ్ అని వస్తే తల్లికి మందులు అప్పుడే షురూ చేస్తరు, పక్కా చేసే టెస్టులు ఎనుక చేస్తరు. బిడ్డకు పుట్టంగనే నెవిరపిన్ సిరప్ మొదలువెట్టి, కనీసం 6 వారాలు పోస్తరు.

ఏ మందూ లేకుంటే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి సోకుతది. కడుపుతోని ఉన్నప్పటి నుంచే మందులు వాడితే 5 కంటే తక్కువ. అందుకే నెల తప్పంగనే టెస్టు చేపియ్యుండ్రి, మొగుడు గూడ చేపించుకోవాలె. ఆమె ఒప్పుకోకుంట రిపోర్టు సంగతి అత్తకు, ఊరోళ్లకు చెప్పొద్దు. అనుమానముంటే 1097కు ఫోన్ చెయ్యుండ్రి, పైసలు పడయి.

నా లెక్క నోరు మూస్కోకుండ్రి.